రాళ్ళమెట్ట గుడిలో తదనంతర చేర్పులు

రాళ్ళమెట్ట గుడి రోమనెస్క్ శైలిలో ఉందని మా సంస్థకు తెలిసేదాకా ఆ గుడి బాగానే ఉంది.

పల్నాటి రాతినేల మీద, మిరపచేల మధ్య, నాలుగు వందల పైచిలుకు కతోలికులున్న చిన్న ఊరది. గుడికి మూడడుగుల మందపు గోడలు, మనిషి తల మాత్రం పట్టే కిటికీలు, గుండ్రటి కమానులు. వెయ్యేళ్ళ కిందట యూరపు పల్లెల్లో గుళ్ళన్నీ ఇలాగే కట్టేవారట. ఆ పద్ధతికే రోమనెస్క్ అని పేరు. ఈ సంగతి మా ఉపసంచాలకులు పరాంకుశం గారు పన్నెండు రోజుల విదేశీ శిక్షణలో నేర్చుకొని వచ్చారు. అప్పటినుంచి గుండ్రటి కమాను కనబడితే ఆయన గొంతు మారిపోయేది. మొనదేలిన కమాను అహంకారానికీ, గుండ్రటి కమాను వినయానికీ చిహ్నాలని చెబుతూ చేతులతో గాలిలో అర్ధచంద్రాలు గీసేవారు. ఆ చేతులు కిందికి దిగేదాకా మేమంతా నిలబడే ఉండేవాళ్ళం.

పాత కట్టడాలను కాపాడే ఆ సంస్థలో నేను సహాయ పరిశీలకుణ్ణి. కొలతలు తీయడం, కాగితాలు రాయడం నా పని. నలభై రెండేళ్ళు దాటినా పెళ్ళి చేసుకోలేదు. స్నేహితులు లేరని చెప్పను గాని, ఉన్నవాళ్ళు నన్ను చూసి చాలా కాలమైంది. మనుషుల ఎదుట నిలబడితే ముఖం ఎలా పెట్టాలో తోచక ఇబ్బంది పడే నాకు గోడల దగ్గర హాయిగా ఉంటుంది. గోడ మన ముఖం చూడదు.

గుడి చరిత్ర రాసే పని నాకు అప్పగించారు. ఇటలీనుంచి వచ్చిన బెర్తోల్ది అనే గురువు దాన్ని కట్టించి 1934 ఫిబ్రవరి రెండో తేదీన ఆశీర్వదించాడని విచారణ దస్తరంలో ఉంది. విచారణ అంటే ఒక గుడి కింద ఉండే కతోలికులందరూ. ఎలా కట్టారన్నది మాత్రం ఇన్నాసమ్మ చెప్పింది. ఆమెకు తొంభై రెండేళ్ళు. గుడి ఆశీర్వాదం నాటికి ఎనిమిది నెలల పిల్ల కాబట్టి అంతా వాళ్ళ నాయన చెప్పగా విన్నదే.

బెర్తోల్ది స్వాములవారు మొనదేలిన కమానులతో ఒక బొమ్మ గీసి ఇచ్చాడట. చుట్టుపక్కల ఉన్న ఒకే ఒక్క రాతిపని మేస్త్రీ కోటయ్య. అతను బావులు తప్ప ఇంకేమీ కట్టి ఎరగడు. కమాను ముడిపడేదాకా రాళ్ళు జారిపోకుండా కింద ఏదో ఒకటి ఆనించాలి. కోటయ్య ఇన్నాసమ్మ వాళ్ళ నాయన ఎడ్లబండి చక్రాలు ఊడదీసి ఆనించాడు. స్వాములవారు బొమ్మ చూపించి మొన ఏదని అడిగితే, మొన ఉన్న చక్రం తెమ్మన్నాడట. గోడలు అంత మందం ఎందుకంటే, చుట్టూ ఉన్న మట్టి గోడను నెడుతుందని బావులు కట్టిన కోటయ్యకు తెలుసు. నేలమీద నెట్టే మట్టి ఉండదని ఎంతమంది చెప్పినా అతను నమ్మలేదు. పూజ జరిగే పీఠం వెనక గోడ అర్ధవృత్తంగా ఎందుకుందంటే, అది సగం బావి.

"మా నాయన బండి ఏడు నెల్లు కొట్టంలో బోర్లా పడుంది నాయనా," అంది ఇన్నాసమ్మ. "ఎరువంతా నెత్తిన మోసుకుపోయారు. మా అమ్మ పూజకి పోయినప్పుడల్లా పైకి చూసి, అదిగో మన బండి, అనేది. దేవుణ్ణి చూసేది తర్వాతే."

ఇదంతా నివేదికలో రాశాను. పరాంకుశం గారు దాన్ని "కోటయ్య అను స్థానిక శిల్పి ఇటలీలోని లొంబార్డీ ప్రాంతపు నిర్మాణ సంప్రదాయమును అచేతనముగా అనుసరించినట్లు భావింపవలసియున్నది" అని సవరించి, చక్రాల సంగతిని అనుబంధం నాలుగులో జానపద విశ్వాసాల కింద చేర్చమన్నారు. అచేతనం అన్న మాట నాకు నచ్చింది. మనం చేసే పనుల్లో చాలావాటికి ఏదో ఒక బండి చక్రం లోపల ఆనించి ఉంటుందనీ, పని అయ్యాక దాన్ని తీసేసి మన గొప్పతనం అనుకుంటామనీ నాకు ఎప్పటినుంచో అనుమానం.

ఆ కొలతల రోజుల్లోనే శౌరమ్మ, జోజప్పల సంగతి తెలిసింది. జోజప్ప గుడి గంట కొట్టే మనిషి. యాభై ఆరేళ్ళు, తక్కువ మాట్లాడతాడు. శౌరమ్మ గుడి ఊడ్చి, పీఠానికి పూలు పెడుతుంది. భర్త పోయి పద్నాలుగేళ్ళు. జోజప్పకు వండి పెట్టేవాళ్ళు లేరని పదేళ్ళుగా ఆమె ఒక గిన్నెలో కూర పంపుతోంది. ఆ కూర గిన్నె గురించి ఊరు పదేళ్ళుగా మాట్లాడుకుంటోంది. ఇప్పుడు పెళ్ళి చేసుకుందామని జోజప్ప అడిగాడు. శౌరమ్మ ఒప్పుకుంది గాని, ఈ గుడిలోనే, పగటిపూట, అందరి ఎదుట జరగాలంది. వానలు వెళ్ళాక చేసుకుందామనుకున్నారు గాని, క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలం మొదలైతే పెళ్ళిళ్ళు చేయరు కాబట్టి నవంబరులోనే అయిపోవాలి.

నేను కిటికీ కొలుస్తుంటే టేపు రెండో కొస పట్టుకొని నిలబడి ఆమె తనంతట తానే చెప్పింది.

"మాకు పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చాటింపు వేస్తారు సారూ. ఈళ్ళిద్దరికీ పెళ్ళి, ఎవరికైనా అడ్డం తెలిస్తే చెప్పండి అని ఫాదరు గారు అడుగుతారు. అడిగి కాసేపు ఆగుతారు. పదేళ్ళు నా ఎనక మాట్టాడినోళ్ళంతా అప్పుడు నోరు మూసుకు కూర్చోవాల. మూడు ఆదివారాలు. పట్టుచీరా వద్దు, బాజాలూ వద్దు. నాకు అది చాలు."

టేపులో అంకె చూసి రాసుకున్నాను. 

మే నెలలో గుడిని రక్షిత స్మారకంగా ప్రకటించారు. ఊరు సంబరపడింది. ఫాదర్ దేవదానం గారు పూజలో మా సంస్థకోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించారు. ఆ ప్రార్థన జరుగుతుండగానే ఏడో నియమం అమల్లోకి వచ్చింది.

ఏడో నియమం చాలా చిన్నది. స్మారకపు మౌలిక తేదీ తరువాత అందులో చేరినది ఏదైనా తదనంతర చేర్పే. తదనంతర చేర్పును తొలగించవలెను. మౌలిక తేదీ అంటే గుడిని ఆశీర్వదించిన రోజు.

మొదట సీలింగ్ ఫ్యాన్లు, ట్యూబులైట్లు, మైకు పోయాయి. ఎవరూ పెద్దగా బాధపడలేదు. తరువాత బెంచీలు పోయాయి. పూర్వం నేలమీదనే కూర్చునేవాళ్ళమని పెద్దవాళ్ళు సర్దిచెప్పుకున్నారు. నేల మీద పరిచిన పలకలు తీశారు. గోడల సున్నం గీకారు. గంట 1936లో వచ్చిందని తేలడంతో దాన్నీ దించారు. జోజప్ప మర్నాటినుంచి పూజవేళకు వీధులెంట తిరిగి అందరినీ పేరు పెట్టి పిలవసాగాడు. ఆదివారం అంతా తిరిగేసరికి అతనికి గొంతు పోయేది. అతను అంతగా మాట్లాడటం ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

కప్పు సంగతి మాత్రం నా తప్పు. విచారణ దస్తరంలో బెర్తోల్ది గారి చేతిరాతను అనువదించే పండితుణ్ణి నేనే వెతికి పట్టుకున్నాను. ఆశీర్వాదం రోజున ఆయన రాసుకున్నది రెండు వాక్యాలు: ఈ దినమున దేవాలయము ఆశీర్వదింపబడినది, కోటయ్య జ్వరముతో ఉన్నందున కప్పు ఇంకను వేయలేదు. పరిశోధకుడికి కలిగే సంతోషం ఎలాంటిదంటే, అది పక్కనున్న మనిషిని చూడనివ్వదు. దాన్ని గబగబా నివేదికలో పెట్టాను. పరాంకుశం గారు నన్ను భుజం తట్టారు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో అది మొదటిసారి. భుజం మీద ఆ వెచ్చదనం ఇంకా ఆరకముందే కప్పు తీసేయమని ఉత్తర్వు వచ్చింది.

కప్పు తీసిన మర్నాడు వర్షం వచ్చింది. ఫాదర్ దేవదానం గారు గొడుగు పట్టుకొని పీఠం దగ్గర నిలబడి, తనిఖీకి వచ్చిన పరాంకుశం గారితో, గుడిలో వాన కురుస్తోందండీ అన్నారు.

"వర్షము కట్టడమునకు పూర్వకాలికము," అన్నారు పరాంకుశం గారు. "దానిపై మన నియమమునకు అధికారము లేదు."

కమాను సందుల్లో పావురాలున్నాయి. అవి తదనంతరమా కాదా అని అరగంట చర్చ జరిగింది. ఒక్కొక్క పావురం తదనంతరమే గాని, పావురాల వంశం మౌలికమనీ, అవి తరం తరువాత తరంగా అవే సందుల్లో నివసిస్తూ సంప్రదాయాన్ని కొనసాగిస్తున్నాయనీ పరాంకుశం గారు తేల్చారు. ఆ మాట విని ఫాదర్ గారు ఆశగా, మా ఊరివాళ్ళూ అంతేనండీ, తాతల నాటినుంచీ ఇక్కడే కూర్చుంటున్నారు అన్నారు.

ఆయన ఆ మాట అనకుండా ఉండవలసింది. అప్పటిదాకా మా ఎవరికీ మనుషుల సంగతి తట్టలేదు.

పరాంకుశం గారు నేలమీద కూర్చున్న జనాన్ని మొదటిసారి చూశారు. ఆయన కళ్ళలో గుండ్రటి కమానులను చూసినప్పటి వెలుగు కనిపించింది. పావురాలకు పుట్టిన తేదీ నిరూపించే పత్రాలు లేవు కనుక వాటిని వంశంగా చూడవలసి వచ్చిందనీ, మనుషులకు పత్రాలున్నాయి కనుక విడివిడిగా చూడవచ్చుననీ అన్నారు. కారెక్కేలోగా ఉత్తర్వు చెప్పి రాయించారు. నేనే రాశాను. అర్థం లేని నియమాన్ని పాటించడంలో ఒక ప్రశాంతత ఉంటుంది. ఆలోచన ఇంకెవరి బాధ్యతో అయిపోతుంది. ఆ ప్రశాంతత నాకు అలవాటు.

వారంలో ద్వారం దగ్గర ఒక గార్డు వచ్చాడు. లోపలికి పోవాలంటే ఆధార్ కార్డు చూపించాలి. 1934 ఫిబ్రవరి రెండుకు ముందు పుట్టినవారికే ప్రవేశం. ఆ లెక్కన విచారణ మొత్తంలో ఇన్నాసమ్మ ఒక్కతే మిగిలింది. ఫాదర్ గారికి నలభై ఏడేళ్ళు. ఆయన ప్రహరీ అవతల షామియానా కింద పూజ చేస్తే, ఇన్నాసమ్మ గుడిలో ఒంటరిగా కూర్చొని వినేది. నిజానికి వినేది కాదు, ఆమెకు చెవుడు. జనం మోకరిల్లినప్పుడు కిటికీలోంచి ఎవరో ఒకరు చెయ్యి ఊపితే ఆమె లోపల మోకరిల్లేది. ఆమెకు కాఫీ తాగాలనిపించినా బయటికి రావడానికి భయపడేది. ఒకసారి వస్తే మళ్ళీ పోనిస్తారో లేదో తెలియదు గదా.

అలా అక్టోబరు గడిచింది. పక్క ఊరి గుడిలో పెళ్ళి జరిపిస్తానని ఫాదర్ గారు శౌరమ్మకు చెప్పి చూశారు. ఇక్కడ మాట్లాడినోళ్ళు ఇక్కడే వినాలని ఆమె కదలలేదు. షామియానా సరిపోదా అంటే, మొదటి పెళ్ళి పందిట్లోనే అయిందనీ, ఆ పెళ్ళి ఎలా నడిచిందో అందరికీ తెలుసుననీ అంది. సంస్థ మనసు మార్చుకునేలోగా కనీసం చాటింపులైనా వేద్దామని ఫాదర్ గారు నవంబరు మొదటి ఆదివారం చదివారు. చదివి ఆగారు. జనం నిశ్శబ్దంగా కూర్చున్నారు. శౌరమ్మ తల వంచుకొని ఆ నిశ్శబ్దాన్ని విన్నదట. పూజ అయ్యాక ఇంటికి పోతూ జోజప్పతో, ఒకటయింది, అని మాత్రం అందట.

ఆనవాయితీ ప్రకారం చాటింపు కాగితాన్ని గుడి తలుపుకు అంటించారు. ఇద్దరి పేర్లు, కింద రెండు పంక్తులు: ఈ వివాహమునకు ఆటంకము ఎరిగినవారు మూడవ ఆదివారములోగా విచారణ గురువునకు తెలియజేయవలెను. స్మారకం మీద ఏ కాగితం అంటించినా ఫొటో తీసి కార్యాలయానికి పంపడం గార్డు విధి. పంపాడు.

పరాంకుశం గారు ఆ ఫొటోను చాలాసేపు చూశారు. ఇది బహిరంగ నోటీసు అన్నారు. ఆక్షేపణలు ఆహ్వానిస్తున్నారు, గడువు ఇచ్చారు, గడువులోగా స్పందించకపోతే సంస్థ సమ్మతించినట్టే అవుతుంది, ముప్పై ఏళ్ళ సర్వీసులో గడువు దాటనిచ్చింది లేదు అన్నారు. అది పెళ్ళి చాటింపు అని నేను సందేహిస్తూ చెప్పాను.

"ఏ రకమైన నోటీసు అన్నది ముఖ్యం కాదయ్యా," అన్నారాయన. "ఆక్షేపణ ఉందా అని అడిగారు. మనకుంది. అడిగినప్పుడు చెప్పకపోవడం మర్యాద కాదు."

ఆయన చెప్పారు, నేను టైపు చేశాను. మూడు పేజీలు వచ్చింది. శౌరమ్మ అన్న పేరు కొట్టేటప్పుడు నా వేళ్ళు ఒక్క క్షణం ఆగిన మాట నిజం. తరువాత కదిలాయి. ఆ రెండోది ఎందుకు జరుగుతుందో నేను చదివిన మనస్తత్వ గ్రంథాలేవీ సరిగా చెప్పలేదు.

ఫాదర్ దేవదానం గారు జవాబు పంపారు. ఆక్షేపణ ఉన్నవారు తామే వచ్చి, పెళ్ళికూతురు, పెళ్ళికొడుకుల ఎదుట, సభలో చెప్పుకోవాలట. తలుపు వెనక మాట, కాగితం మాట విచారణలో చెల్లవట. పరాంకుశం గారు నన్ను అధికార ప్రతినిధిగా నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చారు.

మూడో ఆదివారం షామియానా కింద ఊరంతా ఉంది. రెండో ఆదివారం కూడా ఎవరూ నోరు విప్పలేదట. ఫాదర్ గారు చాటింపు చదివి, ఎవరికైనా అడ్డం తెలిస్తే చెప్పండి అన్నారు. నాలుగు వందల ముఖాలు నావైపు తిరిగాయి. నేను లేచి నిలబడ్డాను. శౌరమ్మ మొదటి వరుసలో ఉంది. ఆమె ముఖంలో కోపం ఉంటే నాకు సులువుగా ఉండేది. అక్కడ ఉన్నది అలసట. ఆ అలసటను గుర్తుపట్టాను. పదేళ్ళపాటు, నలుగురు కూర్చున్నచోటికి పోగానే మాటలు ఆగిపోవడం చూసిన మనిషి అలసట అది.

 ఆక్షేపణ ఉపసంహరించుకుంటున్నామని చెప్పి కూర్చుందామనుకున్నాను. సంస్థ నన్నేం చేసినా చేయనీ అనుకున్నాను. ఉపసంహరణ అన్న మాట సగం నోట్లో ఉండగానే శౌరమ్మ లేచింది.

"అట్టా కుదరదు సారూ. రాసింది చదవండి."

"అవసరం లేదమ్మా. వెనక్కి తీసుకుంటున్నాం."

"నా గురించి మూడు కాయితాలు రాసి జేబులో పెట్టుకు పోతారా? పదేళ్ళు ఈళ్ళంతా చేసింది అదే గందా. చదవండి. నేనూ వింటా."

ఫాదర్ గారు తల ఊపారు. నేను కాగితాలు విప్పాను.

పరాంకుశం గారి గదిలో ఆ వాక్యాలకు ఒక హుందాతనం ఉండేది. ఎండలో, మనుషుల మధ్య అవి వేరేలా వినిపించాయి. ప్రతిపాదిత వధువు నిర్మాణము పూర్తియైన నలభై రెండు సంవత్సరముల తరువాత చేరినదనీ, ప్రతిపాదిత వరుడు సైతము అట్టివాడేననీ చదివాను. ఇరువురి కలయిక వలన స్మారకమునందు తదనంతర చేర్పుల సంఖ్య పెరుగుటయే గాని తరుగుటకు అవకాశము కానరాదనీ, వధువు మోయు పూల బరువు కమానుల సమతుల్యతకు భంగకరమనీ చదివాను. ముందు వరుసల్లో ఎవరికీ అర్థం కాలేదు. నా పక్కన ఒక పెద్దాయన, ఏందంట, అని అడిగాడు. ఎవరో నెమ్మదిగా విడమరిచి చెప్పారు: పెళ్ళికూతురు గుడికంటే చిన్నదంట.

"చిన్నదయితే ఏం?" అన్నాడు పెద్దాయన. "పెళ్ళికొడుకు కంటే చిన్నదయితే చాల్లే."

ఎక్కడో ఒక నవ్వు మొదలైంది. అది వరుసల మీదుగా వెనక్కి పోయి మళ్ళీ ముందుకు వచ్చింది. నేను చదువుతూనే ఉన్నాను. ఆగమని ఎవరూ అనలేదు. పదేళ్ళు కూర గిన్నె గురించి గుసగుసలాడిన ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. శౌరమ్మ కాసేపు పెదవి బిగబట్టి చూసింది. పూల బరువు దగ్గర ఆమెకీ నవ్వొచ్చింది. కింద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. జోజప్ప ఏం చేయాలో తెలియక, తన చేతిలో లేని గంటతాడు పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు పెట్టుకొని నిలబడ్డాడు.

నవ్వులు సద్దుమణిగాక ఫాదర్ గారు నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. పెళ్ళికొడుకుకు వేరే భార్య ఉన్నట్టు మీ సంస్థకు తెలుసునా? సమాచారం లేదన్నాను. వీళ్ళు రక్తసంబంధులా? సమాచారం లేదు. వీళ్ళలో ఎవరినైనా బలవంతం చేశారా?

"లేదు ఫాదర్," అన్నాను. "ఆ విషయం నాకు వ్యక్తిగతంగా తెలుసు."

గుడి కిటికీలోంచి ఇన్నాసమ్మ తల బయటికి వచ్చింది. ఏం జరుగుతోందో ఎవరో సైగలతో చెబితే ఆమె గట్టిగా, "వాళ్ళని లోనికి పంపండయ్యా. ఇన్ని నెల్లబట్టి నేనొక్కదాన్నే దేవుడి ముందు కూర్చొని ఊరందరి బదులూ దణ్ణం పెడతన్నా. మోకాళ్ళు పడిపోయినాయి," అంది.

ఫాదర్ గారు అక్కడికక్కడే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి నా చేతికిచ్చారు: శౌరమ్మ, జోజప్ప అనువారు తదనంతర చేర్పులనెడి ఆక్షేపణను విచారించి తోసిపుచ్చడమైనది.

పరాంకుశం గారు ఆ కాగితాన్ని చూసి కోపగించుకోలేదు. ఆయన ముఖంలో నేను ఎదురుచూడని గౌరవం కనిపించింది. ముద్ర ఉంది, తేదీ ఉంది, కారణం ఉంది. ఆయన జీవితమంతా ఇలాంటి కాగితాలకే లొంగి బతికారు. అప్పీలుకు అవకాశం ఉందా అని న్యాయవిభాగాన్ని అడిగారు. అప్పీలు బిషప్పు గారికి చేసుకోవాలనీ, జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, పొందినవారికే ఆ హక్కు ఉంటుందనీ, సంస్థకు ఇంతవరకు జ్ఞానస్నానం కాలేదనీ న్యాయవిభాగం రాసింది. అందుకు తగిన విధానం ఉన్నదేమో పరిశీలించమని పరాంకుశం గారు మొదట రాసి, తరువాత ఆ వాక్యాన్ని ఆయనే కొట్టేశారు.

"అయితే పర్యవసానం ఏమిటి?" అని తనను తానే అడిగి ఆయనే చెప్పారు. "వారు తదనంతర చేర్పులు కారని తీర్పు. తదనంతరం కానిది మౌలికం. మౌలికమైన దానిని స్మారకమునుండి బయట ఉంచడం ఏడో నియమం కింద నేరం. ఇన్నాళ్ళూ వారిని బయట ఉంచింది ఎవరు?"

మనమేనన్నాను. ఆయన చేతులు గాలిలో అర్ధచంద్రం గీయబోయి మధ్యలో ఆగిపోయాయి.

ఈ మాటలు రాళ్ళమెట్టకు చేరాయి. నేనే చేరవేశానని ఒప్పుకుంటున్నాను. మర్నాడు గుడి తలుపుకు ఇంకో కాగితం అంటించారు. కింద పేర్కొన్నవారు ఈ దేవాలయమునకు చెందినవారు. ఆటంకము ఎరిగినవారు ఆదివారములోగా తెలియజేయవలెను. ఫాదర్ గారి పేరుతో మొదలుపెట్టి, చంటిపిల్లలతో సహా ఊరి పేర్లన్నీ అందులో ఉన్నాయి. గార్డు ఎనిమిది ఫొటోలు తీసి పంపాడు. ఆక్షేపించి ఓడితే అప్పీలు చేసే హక్కు సంస్థకు లేదని సంస్థే రాతపూర్వకంగా తేల్చుకుంది గనక ఎవరూ ఏమీ చేయలేకపోయారు. గడువు దాటింది. పరాంకుశం గారి సర్వీసులో దాటిన మొదటి గడువు అది. ఊరు మొత్తం మౌలికమైంది.

నవంబరు చివరి శనివారం, పదిన్నరకు పెళ్ళి. నేను సెలవు పెట్టి వెళ్ళాను, కాని ప్రహరీ బయటే నిలబడ్డాను. లోపలికి పోవడానికి నాకు కారణం కనబడలేదు. తెల్లచీరలో శౌరమ్మ, గట్టిగా దువ్విన తలతో జోజప్ప వీధి మధ్యలోంచి నడిచి వచ్చారు. వెనక ఊరంతా ఉంది. జనం పెద్దగా మాట్లాడుకుంటున్నారు, అదీ ఆమెకు వినిపించేలాగే. చీర బాగుందని ఒకరు, పూలు ఇంకా పెట్టాల్సిందని ఒకరు, కమాను పడిపోతుందేమోనని ఇంకొకరు.

గార్డు ఒక్కొక్కరి పేరూ జాబితాలో చూసి లోపలికి పంపుతున్నాడు. శౌరమ్మ గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"నువ్వు రావేంది సారూ?"

నేను జాబితాలో లేనన్నాను. గార్డు చివరి పేజీ తిప్పి, నాలుగు వందల పద్దెనిమిదో పేరు దగ్గర వేలు పెట్టాడు. నా పేరే. ఇంటిపేరుతో సహా, అక్షరం తప్పు లేకుండా జోజప్ప చేతిరాతలో ఉంది.

"వారం రోజులు తలుపు మీద ఉంది," అంది శౌరమ్మ. "ఒక్కళ్ళూ ఏమీ అన్లేదు."

ఆమె వెనకే లోపలికి నడిచాను. ఆ గుడిలో ప్రతి రాయి పొడవూ నాకు తెలుసు. కూర్చోవడం ఎక్కడో మాత్రం తెలియలేదు. ఎవరో జరిగి చోటిచ్చారు. నేలమీద కూర్చున్నాను. టేపు, కాగితాలు లేకపోయేసరికి నా చేతులు ఏం చేయాలో తెలియక మోకాళ్ళ మీద, ఒళ్ళో, పక్కన తచ్చాడాయి. పక్కనున్న ఆవిడ అది గమనించిందో, తనకు చేతులు నొప్పి పుట్టాయో, పొత్తిళ్ళలో ఉన్న పసిపాపను తీసి నా చేతుల్లో పెట్టింది. నాలుగైదు రోజుల పిల్లలా ఉంది. జాబితా అంటించాక పుట్టి ఉంటుంది. పైన కప్పు లేని చోటునుంచి ఎండ పడి కళ్ళు చికిలిస్తుంటే నా అరచెయ్యి అడ్డం పెట్టాను. ఫాదర్ గారు పెళ్ళి మొదలుపెట్టారు. పాప పుట్టిన తేదీ నేను అడగలేదు.